పోపు ఆవిరిలో పెట్టిన సీసా

చావు జరిగిన ఇంట్లో మైల తీరేవరకు పోపు పెట్టరు. నా భార్య పోయిన నాలుగో రోజు పొద్దున మా అమ్మాయి పోపు పెట్టింది.

నేను హాల్లో ఉన్నాను. ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినిపించింది. వెంటనే ఇంగువ వాసన వచ్చింది. మా ఆవిడ పిన్నిగారు ఎడిసన్ నుంచి వచ్చి ఆ రోజుల్లో మా ఇంటిని నడిపిస్తున్నారు. ఆవిడ పక్కగదిలోంచి గబగబా వంటింట్లోకి వెళ్ళారు.

"ఏమే, నీకు మతి ఉందా? మైలలో పోపేమిటే!"

"ఇది తినడానికి కాదు చిన్నమ్మమ్మా," అంది మా అమ్మాయి.

"తినడానికి కాకపోతే దేనికి? వాసన చూట్టానికా?"

"స్టీమ్‌కి."

పిన్నిగారు స్టవ్ ఆపేసి పిల్ల చేతిలోని గరిటె లాక్కున్నారు. పరామర్శకు వచ్చి హాల్లో కూర్చున్న ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకాయన నా వైపు వంగి, "పాపం, షాక్‌లో ఉన్నట్టుంది. మంచి కౌన్సెలర్ ఉన్నారు, నంబర్ పంపిస్తాను," అన్నాడు. మంచికే అన్నాడు. ఆ మాటకు వచ్చిన కోపం నాకు ఇంకా పోలేదు. ఆ పూట మా ఇంట్లో తనేం చేస్తోందో తెలిసి చేస్తున్న మనిషి ఆ పదహారేళ్ళ పిల్ల ఒక్కతే.

అది అర్థం కావాలంటే మా ఆవిడ చేసే పని చెప్పాలి.

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఒక చిన్న కంపెనీ ఉంది. పండ్ల రసాలను పొడి చేసి అమ్ముతుంది. మా ఆవిడ అక్కడ ల్యాబ్‌లో పనిచేసేది. బ్లూబెర్రీ తొక్కలో ఊదారంగు ఉంటుంది. యాంటీఆక్సిడెంట్లని అందరూ చెప్పుకునే వాటిలో ఆ రంగు ఒకటి. గాలి తగిలినా, వేడి తగిలినా, వెలుతురు తగిలినా అది చెడిపోతుంది. అందుకని రసంలో బఠాణీల నుంచి తీసిన ప్రోటీన్, మన తుమ్మబంక లాంటి ఒక చెట్టు బంక కలిపి, వేడి గాలిలోకి సన్నగా చిమ్ముతారు. నీరు ఆవిరైపోతుంది. పొడి రాలుతుంది. కంటికి కనిపించనంత చిన్న రేణువులు. ఒక్కొక్క రేణువు చుట్టూ ఆ బంక పొర ఉంటుంది, లోపల రంగు ఉంటుంది. దీన్నే మైక్రోఎన్‌క్యాప్సులేషన్ అంటారు. పార్టీల్లో ఎవరైనా ఏం పని చేస్తావని అడిగితే, "గోడలు కడతానండీ, మేస్త్రీ పని," అనేది.

యాంటీఆక్సిడెంట్లు తింటే ఏ జబ్బు తగ్గుతుందని అడిగేవాళ్ళు. "నాకు తెలీదు," అనేది. వాళ్ళకు నచ్చేది కాదు. "పండులో ఉన్నది పొడిలో ఉందా లేదా, అంతవరకే నా పని. తిన్నాక సంగతి మీ డాక్టర్‌ని అడగండి." ఇంతకంటే ఎక్కువ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు.

ఆ పొడి రెండేళ్ళు నిలవ ఉంటుందని పౌచ్ మీద వేస్తారు. అబద్ధం కాదు. మూత తీయని పౌచ్‌ని చల్లని చీకటి గదిలో పెట్టి చూసి ఆ మాట వేశారు. మా ఆవిడకు అక్కడే పేచీ వచ్చింది. ఇళ్ళలో పౌచ్‌ని అలా ఎవరు ఉంచుతారు? కత్తిరిస్తారు, సీసాలో పోస్తారు, స్టవ్ పక్కన మసాలా డబ్బాల వరసలో పెడతారు, తడి చెంచా ముంచుతారు. బంక పొరకు తేమ తగిలితే మెత్తబడుతుంది, అతుక్కుంటుంది, కూలుతుంది. లోపలి రంగుకు గాలి తగులుతుంది. ఆ తర్వాత ఆ సీసాలో ఉన్నది విషమేమీ కాదు, పుల్లటి పిండి, అంతే. ఆరోగ్యానికని కొనుక్కున్న మనిషి ఆ పిండిని రోజూ నమ్మకంగా నీళ్ళలో కలుపుకుని తాగుతూ ఉంటాడు.

ఆమె మేనేజర్ తెలుగాయన. ఆమె ఆయన్ని అన్నయ్యా అనేది, ఆయన చెల్లెమ్మా అనేవాడు. ఆ వరసన నన్ను బావగారూ అని పిలిచేవాడు. తెరిచిన పౌచ్ సంగతి కూడా పరీక్షిద్దామని ఆమె అడిగితే నవ్వాడట. "మన ఇళ్ళలో పెడితే పోపు వాసన తప్ప ఏం తేలుతుంది చెల్లెమ్మా!"

"అదే తేలాలి," అని ఇంటికొచ్చి మూడు సీసాలు పెట్టింది.

ఒకటి ఫ్రిజ్‌లో. ఒకటి స్టవ్‌కి దూరంగా, పప్పులు పెట్టే అరలో. మూడోది స్టవ్ పక్కన, చెంచా లోపలే ఉంచి. అదే పొడి ఉన్న ఒక పౌచ్‌ని తెరవకుండా బట్టల అల్మారా అడుగున దాచింది. సీసాల మీద టేపు అంటించి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసింది. రోజూ స్కూలుకి వెళ్ళే ముందు మా అమ్మాయి మూడు సీసాలూ తెరిచి తలా ఒక చెంచా తీసి, మళ్ళీ అందులోనే పోసి మూత పెట్టాలి. స్టవ్ మీద రోజుకొక పోపైనా పడాలి. నెలకోసారి మా ఆవిడ ఒక్కో సీసాలోంచి చిటికెడు తీసుకెళ్ళి ల్యాబ్‌లో కొలిచేది. సంవత్సరం పాటు ఇలా చేసి, ఒక వాక్యం అడగాలని ఆమె ఉద్దేశం. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి, ఇన్నాళ్ళలోగా వాడండి. పౌచ్ వెనక ఆ ఒక్క వాక్యం.

"ఎలా ఉంది నీ మూడో సీసా?" అని భోజనాల దగ్గర అడిగేవాణ్ణి.

"పోతోంది," అనేది, పెరుగు కలుపుకుంటూ. "నేననుకున్న దానికంటే తొందరగా పోతోంది."

సంవత్సరం పూర్తి కావడానికి రెండు నెలలుండగా, ఒక సోమవారం పొద్దున, ఆఫీసు పార్కింగ్‌లో కారు దిగుతూ పడిపోయింది. గుండె. ఆంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది.

ఇంటికి జనం వచ్చారు. అల్యూమినియం ట్రేలలో పులిహోర, పెరుగన్నం వచ్చాయి. ఒక పెద్దమనిషి సోఫాలో నా పక్కన కూర్చుని, చాలా బాధగా, "యాంటీఆక్సిడెంట్లు తయారుచేసే మనిషికే గుండెపోటు రావడమేమిటండీ," అన్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ మాటకు సమాధానం ఉంది. చెప్పాల్సిన మనిషి లేదు.

పోపు గొడవ ఆ పెద్దమనిషి వచ్చిన మర్నాడే. పిన్నిగారు పడుకున్నాక అమ్మాయి నా దగ్గరికి వచ్చి చెప్పింది.

"అమ్మ చెప్పింది నాన్నా, ఎవ్రీ డే ఒక పోపు. లేకపోతే అది రియల్ కిచెన్ కాదు. త్రీ డేస్ నుంచి పోపు లేదు. టెస్ట్ పోతుంది."

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. మధ్యలో ఆపిన టెస్ట్‌ని ఎవరూ నమ్మరని నాకు తెలుసు. తల్లి పోయిన నాలుగో రోజు నా కూతురికీ తెలుసు.

మర్నాటి నుంచి ఆ పిల్ల మూడో సీసా మూత తీసి, దాని పక్కన ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టి నీళ్ళు మరిగించడం మొదలుపెట్టింది. పిన్నిగారు చూశారు. కాఫీకేమో అనుకున్నారు. పోపుకి మైల ఉంది గానీ కెటిల్‌కి లేదు.

మైల తీరిన రోజు నేనూ అమ్మాయీ గుడి దగ్గర కర్మకాండ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి వంటిల్లు తళతళలాడుతోంది. పిన్నిగారూ, ఆవిడ కోడలూ కలిసి అంతా కడిగారు. పాత పచ్చళ్ళు, పొడులు, తెరిచిన డబ్బాల్లోవి అన్నీ చెత్తలోకి వెళ్ళాయి. సింకు పక్కన కడిగిన సీసాలు బోర్లించి ఉన్నాయి. వాటిలో రెండింటి మీద టేపు తడిసి సగం ఊడి వేలాడుతోంది. ఒకటి. రెండు.

"పన్నెండు రోజులు మైలలో ఉన్న పొడులు వాడుకోకూడదు బాబూ," అన్నారు పిన్నిగారు. "ఆ ఊదాపొడి ఒకటి గడ్డ కట్టి ఉంది కూడా. ఎవరు తింటారది? కావాలంటే కొత్తది కొని పడేస్తాను."

ఆవిడ పొద్దుటి నుంచి నిలబడే ఉన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి. చేతులు నాని ముడతలు పడ్డాయి. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం న్యాయం కాదు. తెచ్చుకున్నాను. నోరు విప్పితే ఏమంటానో తెలియక బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

కాసేపటికి అమ్మాయి నా జేబులోంచి కారు తాళాలు తీసుకుని కిందికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో మూడో సీసా ఉంది. క్లీనింగ్ మాట ముందు రోజే విని, దాన్ని టవల్లో చుట్టి కారు డిక్కీలో పెట్టిందట.

"స్టవ్ పక్కన అంతా తీసేస్తారని తెలుసు," అంది. "ఫ్రిజ్, పప్పుల అర కూడా అని తెలీదు నాన్నా. వన్ డే మాత్రం బ్రేక్ అయింది. సారీ."

ఆ సారీ ఎవరికి చెప్పిందో నేను అడగలేదు. సీసాని స్టవ్ పక్కన పెట్టి, పోపు గిన్నె పొయ్యి మీద పెట్టింది. మైల తీరింది కాబట్టి పిన్నిగారు ఏమీ అనలేదు.

ఆ వారాంతంలో కమ్యూనిటీ హాల్లో సంతాపసభ పెట్టారు. నేను వద్దన్నాను. పెట్టారు. మేనేజర్ మైకు దగ్గరికి వచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. పండులోని మంచిని పొర కప్పి కాపాడినట్టే, మా చెల్లెమ్మ మంచితనం కూడా మన గుండెల్లో పొరల మధ్య భద్రంగా ఉంటుంది, ఎప్పటికీ చెడిపోదు అన్నాడు. జనం తలలు ఊపారు. ఒకామె ఏడ్చింది.

ఆ పొర ఎంతకాలం నిలబడుతుందో కొలవడమే ఆమె చేసిన పని. నిలబడటం లేదని ఆమెకు తేలింది. నెలనెలా ఆ సంగతి ఆమె తన చేతులతో చూపించింది ఆ మైకు పట్టుకున్న మనిషికే. అందంగా ఉందని ఆ పోలిక వాడుకున్నాడు. చాలామంది పోలికలు వాడేది చెప్పాల్సిన సంగతి చెప్పకుండా ఉండటానికే. నేను ముందు వరసలో కూర్చుని నేల వైపు చూస్తూ ఉండిపోయాను. దాన్ని కూడా దుఃఖమే అనుకుని ఉంటారు.

నెల తర్వాత ఆయన మా ఇంటికి వచ్చాడు. స్వీట్లు తేలేదు, ఆ మాత్రం తెలుసు. అరటిపళ్ళు తెచ్చాడు. కాఫీ తాగి, సంచిలోంచి కొత్త పౌచ్ నమూనా తీసి బల్ల మీద పెట్టాడు. వెనకవైపు మా ఆవిడ ఫోటో ఉంది. మేం నయాగరా వెళ్ళినప్పుడు తీసింది. పక్కన ఉన్న నా భుజం కత్తిరించారు. కింద ఇంగ్లీషులో కథ. పల్లెటూళ్ళో అమ్మమ్మ ఒడిలో కూర్చుని తుమ్మబంక గుణాలు నేర్చుకున్న అమ్మాయి అమెరికా వచ్చి శాస్త్రవేత్త అయిందని.

"వాళ్ళ అమ్మమ్మ గుంటూరులో లెక్కల టీచరు," అన్నాను. "బంకతో ఆవిడ కవర్లు అంటించి ఉంటుంది."

ఆయన నవ్వాడు. "స్టోరీ బావగారూ. జనానికి కనెక్ట్ అవ్వాలి కదా. ఫ్యామిలీ తరఫున మీరొక్క సంతకం పెడితే లాంచ్‌కి పంపిస్తాం. చెల్లెమ్మ పేరు నిలబడిపోతుంది."

నేను పౌచ్ తిప్పి చూశాను. ముందు, వెనక, అడుగున.

"ఆ లైన్ ఏది?"

"ఏ లైన్?"

"తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి, తొందరగా వాడండి అని."

"ఆ టెస్ట్ పూర్తి కాలేదు కదా బావగారూ."

"పూర్తి చేయండి. సీసా ఇక్కడే ఉంది."

ఆయన స్టవ్ వైపు తల తిప్పాడు. మూడో సీసాని చూశాడు. "అది కంట్రోల్డ్ కండిషన్ కాదండీ. ఇంట్లో పెట్టింది."

"ఇంట్లోనే కదా వాడతారు?"

"బావగారూ..."

"నెలనెలా మీకు చూపించింది. ఏముంది అందులో?"

ఆయన కప్పు పక్కకు జరిపాడు. "చూడండి, మార్కెట్‌లో ఎవడూ ఆ లైన్ వెయ్యడు. మనమొక్కళ్ళం వేస్తే మనదొక్కటే పాడైపోతుందనుకుంటారు. చెల్లెమ్మకీ ఇదే చెప్పాను."

"ఏమంది?"

"నవ్వింది."

"ఒప్పుకోనప్పుడు అలా నవ్వేది," అన్నాను. "ఆమె ఫోటో కావాలంటే ఆమె లైన్ వెయ్యండి. రెండూ వేస్తే ఇప్పుడే సంతకం పెడతాను."

ఆయన పౌచ్‌ని సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర, "మీరు దుఃఖంలో ఉన్నారు. ఆలోచించండి, తొందరేం లేదు," అన్నాడు. నేను ఆలోచించాను. నా కోపానికీ దుఃఖానికీ తేడా తెలియని మనిషి కాదు ఆయన. తెలిసే కలిపేశాడు.

ల్యాబ్ ఆయనది. మాకు ఆ దారి లేదు. అమ్మాయి తన స్కూలు కెమిస్ట్రీ టీచర్‌ని అడిగింది. ఆ స్కూల్లో రంగు గాఢత కొలిచే చిన్న యంత్రం ఒకటి ఉందట. సంవత్సరం నిండిన రోజున సీసాలోంచి ఒక చెంచా, అల్మారాలోని పౌచ్‌ని మొదటిసారి కత్తిరించి అందులోంచి ఒక చెంచా తీసుకెళ్ళింది. తల్లి నేర్పిన పద్ధతిలోనే కొలిచింది. కెటిల్ రోజులూ, డిక్కీలో ఉన్న రోజూ టీచర్‌కి చెప్పింది. అవి కూడా రాయాలని పట్టుబట్టిందట.

సాయంత్రం రెండు గాజు గొట్టాలు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద నిలబెట్టింది. పౌచ్‌లోది ముదురు నేరేడుపండు రంగు. సీసాలోది, పండ్లు తిన్న చెయ్యి కడిగిన నీళ్ళలా ఉంది. యంత్రం అక్కర్లేదు. చూస్తే చాలు.

"అమ్మ కరెక్ట్," అంది.

"కరెక్టే."

"బట్ షి వుడ్ హేట్ బీయింగ్ దిస్ కరెక్ట్." మళ్ళీ తెలుగులో అంది. "అమ్మకి ఆ పొడి ఇష్టం నాన్నా. తనే చేసింది కదా."

ఆ మాట నాకు అప్పటివరకు తట్టలేదు. గోడ నిలబడాలని కోరుకున్న మనిషే అది కూలుతోందని నెలనెలా కొలిచి చెప్పింది. అరటిపళ్ళు తెచ్చిన పెద్దమనిషి చేయలేని పని అదే.

ఆదివారం మేనేజర్ ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ ఉంది. వెళ్ళాం. భోజనాలయ్యాక, ఆయన పక్కన ఎవరూ లేనప్పుడు అమ్మాయి ఆ రెండు గొట్టాలూ ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఆయన చూశాడు. ఏమిటని అడగలేదు.

"స్కూల్ ల్యాబ్‌లో చేశావా?" అన్నాడు.

"మీ ల్యాబ్ ఇవ్వలేదు కదా అంకుల్."

"ఇది సైన్స్ కాదమ్మా. ఒక్క సీసాతో ఏదీ ప్రూవ్ కాదు."

"యెస్ అంకుల్. మూడు ఉండేవి. మీరు మూడు వందలు పెట్టండి."

ఆయన నా వైపు తిరిగాడు. "బావగారూ, పిల్లని ఇందులోకి లాగడం బాగాలేదు."

"పిల్లని లాగిన మనిషి పోయింది," అన్నాను. "మీరు ఫోటో అడుగుతున్నది ఆ మనిషిదే."

అంతకంటే మాట్లాడితే అరుస్తానని తెలుసు. గొట్టాలు తీసుకుని వచ్చేశాం. ఆయన భార్య గుమ్మం దాకా వచ్చి గారెలు కట్టి ఇచ్చింది. అమ్మాయి థ్యాంక్స్ ఆంటీ అని తీసుకుంది. కారులో ఇద్దరం గారెలు తిన్నాం. బాగున్నాయి. దానికీ కోపం వచ్చింది.

పొడి కొత్త పౌచ్‌లో మార్కెట్‌లోకి వచ్చింది. వెనక ఫోటో లేదు. లైనూ లేదు. రెండూ వేయడం కంటే రెండూ తీసేయడం వాళ్ళకు తేలికైంది. రెండేళ్ళు నిలవ అని ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉంది. మా అమ్మాయి వాళ్ళ వెబ్‌సైట్‌లో రివ్యూ రాసింది. పరిశీలనలో ఉందని వచ్చింది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

మొన్న ఇండియన్ స్టోర్‌కి కందిపప్పు కోసం వెళ్ళాను. పొడుల వరసలో, మునగాకు పొడి పక్కన ఆ పౌచ్‌లు పేర్చి ఉన్నాయి. ఒక అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతోంది. "ఆఁ అత్తయ్యా, దొరికింది. రెండు తీసుకుంటున్నా. మీకూ మామయ్యకీ."

నేను ఇలాంటప్పుడు మాట్లాడే మనిషిని కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ స్టోర్‌కి వస్తున్నాను, కౌంటర్ దగ్గర తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె ఫోన్ పెట్టేసేదాకా ఆగాను.

"అది కత్తిరించాక ఫ్రిజ్‌లో పెట్టండి," అన్నాను. "స్టవ్ పక్కన పెట్టకండి. తడి చెంచా ముంచకండి. రెండు మూడు నెలల్లో అవగొట్టండి. రెండు పౌచ్‌లూ ఒకేసారి తెరవకండి."

ఆమె నన్నూ పౌచ్‌నీ మార్చి మార్చి చూసింది. "దీని మీద అలా ఏం లేదే అంకుల్. టూ ఇయర్స్ అని ఉంది."

"లేదు. వెయ్యలేదు."

"మీరు ఈ కంపెనీలో చేస్తారా?"

"నేను కాదు. నా భార్య."

"ఓ. అయితే ఆంటీనే చెప్పమన్నారా?" నవ్వుతూ అడిగింది.

"అవును," అన్నాను.

ఆమె ఒక పౌచ్ తిరిగి అరలో పెట్టి, ఒకటి బండిలో వేసుకుంది. నేను కందిపప్పు తీసుకున్నాను. ఇంకొకాయన వచ్చి ఆ పౌచ్ చేతిలోకి తీసుకుని వెనకవైపు తిప్పి చదువుతున్నాడు. నేను బండి ఆపి ఆయన వైపు నడిచాను.